హేంగరు చప్పుడు

నా నోట్లో ఎప్పుడూ నాలుగు పిన్నులు.
అందుకే లూవీనియాతో నేను పెద్దగా మాట్లాడింది లేదు.
పంతొమ్మిదేళ్లు
ఆమె వీపే నాతో మాట్లాడింది.

ఎడమ భుజం కింద వేలెడు కాలిన మచ్చ.
గ్యారీ పట్నంలో,
ఆరేసిన దుప్పట్లని ఉక్కు మిల్లు మసి
మళ్లీ ఉతికించే వీధిలో,
చర్చి పాట సాధన చేస్తూ వెనక్కి నడిచి
ఇస్త్రీపెట్టెని తాకిందట.
"ఆపానా? ఇంకో మెట్టు పైకెక్కాను" అనేది.
నిజమో కాదో.
పత్రికలవాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు గనక
నిజమే అయ్యుంటుంది.

అరవై ఎనిమిదిలో ఒకే ఒక్క రికార్డు.
డ్రైక్లీనింగ్ కొట్టు వెనకగదిలో,
ఆవిరి యంత్రాలు చల్లారాక, రాత్రి రెండింటికి.
రెండు నిమిషాల నలభై సెకన్లు.
చివరి చరణం ముందు గొంతు ఆగిన చోట
ఎవరో హేంగరు జారవిడిచిన చప్పుడు.
మళ్లీ పాడించడానికి టేపు లేదు,
ఉంచేశారు.
డబ్బు బదులు యజమాని ఒక కోటిచ్చాడు,
ఎవరో ఉతకనిచ్చి తీసుకెళ్లనిది.
జేబులో ఎవరి ఇంటిదో తాళం.
"తాళం దొరికింది, ఇంకేం కావాలి నాకు!"
అని నవ్వేది, ఆ కోటు వేసుకున్నప్పుడల్లా.

న్యూయార్కులో పదకొండేళ్లు బదులు నటి.
రోజూ జుట్టు కట్టుకుని, రంగు పూసుకుని
మెట్ల కింద కుర్చీలో కూర్చోవడం.
ఇంకొకరి జ్వరం మన అన్నం.
ఆ పెద్దావిడకి ఉక్కులాంటి ఒళ్లు,
తుమ్మడం కూడా ఎరగదు.

ఒక మార్చి రాత్రి తుమ్మింది.

గౌను రెండంగుళాలు బిగువు.
జిప్పు సగం దాకా వచ్చి మొండికేసింది.
బయట వాద్యాలు మొదలయ్యాయి.
వీపు నడిమి నిలువునా కత్తిరించాను,
నా లోపావడా చించి లోపల అతికాను,
"జనానికి వీపు చూపించకు" అన్నాను
పిన్నుల సందులోంచి.

రెండో అంకంలో, కొడుకు శవపేటిక ముందు
తల్లి పాడే పాట.
ఆమె నెమ్మదిగా తిరిగింది.
జనానికి వీపు పెట్టింది.
వెయ్యిమంది చూస్తుండగా
ఆ అతుకు తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది.
పాట నోట్లో పుట్టదని
వాళ్లకప్పుడు తెలిసింది.

మర్నాడు పేపర్లో
దర్శకుడి అద్భుతమైన ఊహ అని రాశారు.
చీలిక ఆ గౌనుకి శాశ్వతమైంది.
నా లోపావడా ఖర్చు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత పెద్ద అక్షరాల్లో పేరు, మూడేళ్లు.
తర్వాత చిన్న అక్షరాల్లో.
తర్వాత బస్సులు, పాడుపడ్డ హాళ్లలో పాడటం,
గొంతులో కాయ, కత్తి,
నెలన్నర పలక మీద రాసి మాట్లాడటం.
తిరిగొచ్చిన స్వరం ఒక అంతస్తు కింద ఉంది.
"ఉండనీ, కింద కూడా గదులుంటాయి" అని
పలక మీద రాసి చూపించింది.

నేను మానేసి పుష్కరం దాటాక ఫోను.
"ఇర్మా, నీకు పాస్‌పోర్టు ఉందా?"

ఇంగ్లండు ఉత్తరాన, వాన వదలని ఊరు.
నాట్యశాలలో నేలంతా చల్లిన పౌడరు.
బట్టతలలు, వెడల్పు ప్యాంట్లు, అరిగిన మోకాళ్లు,
నలభై ఏళ్లుగా ఆ రికార్డుకి గిరగిరా తిరిగినవాళ్లు.
ఆమె బతికి ఉందని వాళ్లకి తెలీదు.
వాళ్లున్నారని ఆమెకి తెలీదు.

పాట మొదలైంది, ఒక అంతస్తు కిందనుంచి.
ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.
చివరి చరణం ముందు గొంతు ఆగింది.
ఆరొందల జతల చేతులు గాల్లోకి లేచాయి,
ఆ చప్పుడు దగ్గర అందరూ
ఒకేసారి చప్పట్లు కొడతారట.

తెర పక్కన నేను.
నోట్లో పిన్నులు లేవు.
చేతిలో ఆ కోటు విప్పి తీసిన
ఖాళీ హేంగరు.

ఆమె వీపు ఒకసారి పైకి లేచింది.

వదిలేశాను.